పొద్దుటి వికారం

ఊరి చివర చిన్న విమానాల మైదానంలో ఇంజన్లు బాగుచేసే ఆయన్ని అందరూ వైద్యుడు అనే పిలిచేవారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉండేది, ఆ కార్డు బీరువాలో ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఇంజను ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వంచి వినడమే ఆయన పని. చేతికి నూనె అంటేది తర్వాతే. ముందు చెవి, తర్వాత ముక్కు, ఆఖరికి పానా.

రోగాలకు పేర్లు కూడా ఆయన పెట్టినవే. పెట్రోలు సరిగా అందక ఇంజను ఆగి ఆగి నడిస్తే దగ్గు. ప్లగ్గులో నిప్పురవ్వ తప్పితే ఎక్కిళ్ళు. ప్రొపెల్లరు తూకం చెడితే వణుకు. షెడ్డులో పనిచేసేవాళ్ళూ, విమానం నడిపేవాళ్ళూ అందరూ ఆ మాటలే వాడేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో ఆస్పత్రి కాబోలనుకుని వెనక్కి తిరిగి బోర్డు చూసుకునేవారు.

ఈ జబ్బులన్నిటిలో ఆయన్ని భయపెట్టేది ఒక్కటే, వికారం. చలి పొద్దున ఇంజను మొదలెట్టగానే ఒళ్ళంతా కదిలిపోయేలా ఊగుతుంది. నాలుగైదు నిమిషాలకు వేడెక్కి, ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. ఇక సాయంత్రం దాకా దాన్ని మించిన బుద్ధిమంతురాలు లేదు. లోపల జరిగేదేమిటంటే, పొగ బయటికి వదిలే వాల్వుకు మసి పేరుకుని, చల్లగా ఉన్నప్పుడు అది తన గొట్టంలో బిగుసుకుపోతుంది. వేడెక్కితే వదులుతుంది. వదిలినన్నాళ్ళు సరే. ఏదో ఒక రోజు వదలదు. ఆ రోజు విమానం చెట్ల మీద ఉంటే, ఆపైన చెప్పేందుకేముంది. వైద్యుడు కుర్రతనంలో అలాంటిదొకటి కళ్ళారా చూశాడు. నడిపినాయన బతికాడు గానీ, మళ్ళీ ఏనాడూ కుడి చెయ్యి భుజం పైకి లేపలేదు.

ఇంట్లో మాత్రం ఈ మాటలేవీ చెల్లేవి కావు. "ఇంజను కబుర్లు చెప్పులతో పాటు గుమ్మం బయటే" అని ఆయన భార్య పెళ్ళైన ఏడాదే శాసనం చేసింది. ఆయన పళ్ళెం ముందు కూర్చుని దగ్గూ ఎక్కిళ్ళూ అని మొదలెడితే ముద్ద దిగదని ఆమె బాధ. అందుకే ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో షెడ్డు భాష ఒక్క ముక్కయినా ఆమె చెవిని పడలేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి తండ్రి చెవులూ తల్లి నోరూ పుణికిపుచ్చుకుని పుట్టింది. అదే మైదానంలో విమానం నడపడం నేర్పే ఉద్యోగం. పెళ్ళై రెండేళ్ళయింది. అల్లుడిది ఓడ మీద కొలువు. రెండు నెలల క్రితమే సెలవు ముగించుకుని వెళ్ళాడు. అమ్మాయి పుట్టింట్లోనే పై గదిలో ఉంటోంది.

ఆ చలికాలం ఒక విమానం అమ్మాయికి అనుమానం తెప్పించింది. తోకకు పచ్చ రంగు ఉండటంతో దాన్ని పచ్చతోక అనేవారు. పొద్దున్నే నడక బాగోలేదని రెండుసార్లు లోపాల పుస్తకంలో రాసింది. రెండుసార్లూ వైద్యుడు మిగతా పనులు తెముల్చుకుని మధ్యాహ్నం దాని దగ్గరికి వెళ్ళాడు. అప్పటికే పాఠాలకని అది నాలుగు చుట్లు తిరిగి వచ్చి ఉండేది. ప్లగ్గులు ఎనిమిదీ విప్పి తుడిచి బిగించాడు. పెట్రోలు అడుగున నీళ్ళున్నాయేమోనని గాజు సీసాలోకి పట్టి వెలుతుర్లో చూశాడు. గాలి గొట్టాల అతుకులన్నీ తడిమాడు. ఇంజను నడిపి చూస్తే పాలు తాగి పడుకున్న పాపలా ఉంది. రెండుసార్లూ అమ్మాయి రాసిన దాని కింద 'లోపం ఏమీ కనబడలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

రెండోసారి మేనేజరు పుస్తకం మూస్తూ నవ్వాడు. "వైద్యుడుగారూ, మీ అమ్మాయికి మీ చెవులే వచ్చాయిగానీ, లేనివి కూడా వినపడుతున్నట్టున్నాయి."

వైద్యుడు కూడా నవ్వాడు. ఆ నవ్వు అమ్మాయి చూసింది.

మూడోసారి ఆమె పుస్తకం జోలికి పోలేదు. బోర్డు చూసుకుంది. గురువారం పచ్చతోకకు వంతు లేదు, శుక్రవారం మైదానానికి సెలవు. శనివారం పచ్చతోక మొదటి వంతు పదింటికి, నడిపేది తనే. అంటే శనివారం దాకా దాన్ని ఎవరూ కదిలించరు. ఆ పొద్దున తండ్రిని పక్కన నిలబెట్టి, చల్లటి ఇంజను మొదలెట్టి వినిపించాలని నిశ్చయించుకుంది. ఈలోపు విమానాలు నడిపేవాళ్ళకు ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్షకు నగరం వెళ్ళాల్సి ఉంది. గురువారం తెల్లవారుజామున మొదటి బస్సుకి వెళ్తూ, రాత్రి పొద్దుపోయాక వచ్చి పడుకున్న తండ్రిని లేపడమెందుకని, ముందు లేచేది తల్లే గనక ఒక చీటీ రాసి, వంటింట్లో తల్లి అద్దాల డబ్బా కింద పెట్టింది.

'అమ్మా, మూడు రోజులుగా పొద్దున్నే వికారం. నాలుగైదు నిమిషాలకు సర్దుకుంటోంది. చల్లగా ఉన్నప్పుడే ఇలా, కాస్త వేడి తగిలితే పోతోంది. మధ్యాహ్నానికి ఏమీ ఉండదు, అందుకే చెప్పినా ఎవరూ నమ్మరు. నాన్నకి చెప్పు. మేనేజరుకి అప్పుడే తెలియనివ్వద్దు. డాక్టరు దగ్గర పని చూసుకుని శనివారం పొద్దున వచ్చేస్తా. వచ్చాక తేలుద్దాం.'

అమ్మ అద్దాలు పెట్టుకుని ఒకసారి చదివింది. తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చదివింది. అల్లుడు వెళ్ళిన నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టింది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారుతున్నా చూసుకోలేదు.

పన్నెండింటికి కూతురికి ఫోన్ చేసింది. "ఒంట్లో ఎలా ఉందే?"

"బాగానే ఉందమ్మా. రక్తం తీశారు. రేపు చెప్తారట."

"రక్తం కూడా తీశారూ! ఏమైనా తిన్నావా?"

"తిన్నాలే. చీటీ చూశావా? నాన్నకి చెప్పావా?"

"సాయంత్రం చెప్తా. నీ నోటితో ఒక్క మాట చెప్పకూడదుటే, చీటీ రాస్తావూ?"

"ఫోన్లో తేలేది కాదమ్మా. నాన్ననే జాగ్రత్తగా చూసుకోమను."

"ఆయన చూసుకునేదేమిటే, నేను లేనూ?" అంది అమ్మ. కూతురికి అది కొంచెం తేడాగా వినిపించింది కానీ, వెనక నర్సు పిలుస్తుంటే పెట్టేసింది.

సాయంత్రం వైద్యుడు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి భార్య కుర్చీ వేసి సిద్ధంగా ఉంది.

"కూర్చోండి."

"ఏమైంది?"

"కూర్చుంటేనే చెప్తా. మీరు తాత కాబోతున్నారు."

ఆయన కూర్చోలేదు. తువ్వాలు ఇటు మడిచి, అటు మడిచి, చివరికి దానితోనే కళ్ళు తుడుచుకున్నాడు. "అదే చెప్పిందా?"

"చీటీ రాసింది."

"ఏదీ, ఇటివ్వు."

"మీరు చదివేదేముంది అందులో? ఆడవాళ్ళ మాటలు. మేనేజరుకి చెప్పొద్దంది. మీరు మాత్రం దాన్ని ఏమీ అడక్కండి, సిగ్గుపడుతుంది." చీటీ కుట్టుపని డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. రాత్రి భోజనాల వేళకు ఆ చల్లని కబురు వీధిలో ఏడిళ్ళకు చేరింది.

వైద్యుడికి సంతోషం ఒక పక్కా, గుబులు ఒక పక్కా. ఆ కుదుపుల్లో అమ్మాయి ఎలా ఎగురుతుంది? నేలకు దిగేటప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ళు విమానాన్ని ఎత్తి కుదేస్తారే! అడుగుదామంటే అమ్మాయి ఊళ్ళో లేదు, ఉన్నా ఏమని అడుగుతాడు? శుక్రవారం సెలవైనా మేనేజరు ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు బోర్డు మీద మా అమ్మాయి పేరు తీసెయ్యండి."

"ఎందుకు?"

వైద్యుడు నీళ్ళు నమిలాడు. "ఒంట్లో బాగోలేదు."

"తను ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"తండ్రిని, నేను చెప్తున్నాగా."

మేనేజరు ఆయన మొహంలోకి చూసి, ఏమర్థమైందో ఏమో, తల ఊపాడు. "సరే. పళ్ళ డాక్టరు వాళ్ళమ్మని ఎక్కించుకు తిప్పుతానని నెల్లాళ్ళుగా ప్రాణం తీస్తున్నాడు. పచ్చతోక ఆయనకిస్తా. ఏడున్నరకే రమ్మంటా."

వైద్యుడు తేలికపడి ఇంటికి వచ్చాడు. పళ్ళ డాక్టరు మంచివాడు. పోయిన నెలే విమానం నడిపే పత్రం తెచ్చుకున్నాడు. దవడ పన్ను పీకడంలో ఎంత నెమ్మదో, గాల్లోనూ అంతే.

శనివారం చలి ఎముకలు కొరుకుతోంది. వైద్యుడు తొమ్మిదింటికి వెళ్తే చాలనుకుని, తెగిపోయిన కోటు బొత్తాం చూసుకుంటున్నాడు. "సూదీ దారం డబ్బాలో ఉన్నాయి, మీరే తీసుకోండి, నా చేతులు తడిగా ఉన్నాయి" అంది భార్య వంటింట్లోంచి. డబ్బా మూత తీశాడు. నల్ల దారం ఉండ మీద చీటీ మడత విప్పుకుని పడుంది. చదవకూడదనే అనుకున్నాడు. కానీ ఆ దస్తూరీ చూడగానే కన్ను దానంతటదే మొదటి వాక్యం మీద వాలింది.

మూడు రోజులుగా పొద్దున్నే వికారం.

రెండో వాక్యం చదివేసరికి ఆయన చేతిలో సూది లేదు. ఎక్కడ పడిందో తెలియదు. నాలుగైదు నిమిషాలకు సర్దుకుంటోంది. చల్లగా ఉన్నప్పుడే. వేడి తగిలితే పోతోంది. ఆ చీటీలో ఒక్కొక్క మాటా ఆయన నేర్పిందే, ఆయన షెడ్డులో పుట్టిందే. మధ్యాహ్నానికి ఏమీ ఉండదు. చెప్పినా ఎవరూ నమ్మరు.

గోడ గడియారం ఏడూ పది.

"ఏమేవ్! ఈ చీటీ అమ్మాయి గురించి కాదే!"

ఆమె తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "మరి ఎవరి గురించి?"

"పచ్చతోక గురించి!"

"ఆ పచ్చతోక ఎవర్తె?" అంది ఆమె, కళ్ళు చిన్నవి చేసి.

జవాబు చెప్పే ఓపిక ఆయనకు లేదు. మేనేజరుకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. షెడ్డుకి చేశాడు, ఎత్తేవాళ్ళు లేరు. పళ్ళ డాక్టరు నంబరు ఆయన దగ్గర లేదు. ఉన్నది స్కూటరు. ఊళ్ళో విమానాలన్నిటికీ వైద్యం చేసేవాడు తన స్కూటరు ముఖం చూసి ఆరు నెలలైంది. కిక్కు కొట్టాడు. గుర్రుమంది, ఊరుకుంది. మళ్ళీ కొట్టాడు. నాలుగోసారికి చెప్పు ఊడి పక్కకు ఎగిరింది. "అమ్మా, తల్లీ, ఇవాళొక్కరోజు" అన్నాడు, దాన్ని పట్టుకుని. ఏడో కిక్కుకు పొగ కక్కుతూ లేచింది. ఒక కాలికే చెప్పు.

మైదానం రెండు మైళ్ళు. కోటుకు బొత్తాం లేక చలిగాలి పొట్టలోకి దూరుతోంది. ఆయనకు దారి కనపడటం లేదు. పుస్తకంలో తన చేతిరాతే కనపడుతోంది. లోపం ఏమీ కనబడలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. కూతురు పొద్దున విన్నది తను మధ్యాహ్నం వెతికాడు. పైగా నవ్వాడు. పచ్చతోక ఇవాళ్టి దాకా కదలకుండా బోర్డు మీద ఒక అడ్డుగోడ ఉంది. ఆ అడ్డుగోడ కూతురి పేరు. దాన్ని తనే వెళ్ళి చెరిపించి వచ్చాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికే ఇంజను చప్పుడు వినపడింది. స్కూటరు ఆపి, తల పక్కకి వంచాడు.

ధబ్ ధబ్ ధబ్... ధబ్ ధబ్ ధబ్...

నాలుగు దెబ్బలు వినపడాల్సిన చోట మూడే. ఒకటి లోపిస్తోంది. మంచులో తోక ఊగడం కూడా తెలుస్తోంది. పళ్ళ డాక్టరు లోపల కూర్చుని అది చలి అనుకుంటున్నాడు కాబోలు, వేడెక్కనిస్తున్నాడు. వైద్యుడు మళ్ళీ కిక్కు కొట్టబోతుండగానే ఆ చప్పుడు మారింది. నాలుగో దెబ్బ వచ్చి వరసలో చేరింది. నున్నగా, ఒక్క తీరుగా, పట్టు బట్ట చింపినట్టు.

సర్దుకుంది.

 ఊగుతున్నంతసేపూ పళ్ళ డాక్టరు కదలడు. ఇప్పుడిక కదులుతాడు. అనుకున్నట్టే విమానం మెల్లగా తిరిగి, రన్‌వే వైపు ముక్కు పెట్టింది.

వైద్యుడు గడ్డిలోకి దింపాడు స్కూటరుని. గతుకుల్లో హ్యాండిలు చేతుల్లో నిలవడం లేదు. అరిచాడు, ఇంజను చప్పుడులో తన అరుపు తనకే వినపడలేదు. రన్‌వే మొదట్లో దారికి అడ్డంగా స్కూటరు పడేసి, దాని ముందు నిలబడి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. ఎదురుగా ప్రొపెల్లరు తిరుగుతూ తెల్లటి పళ్ళెంలా కనపడుతోంది. దాని గాలికి కోటు రెక్కలు వెనక్కి కొట్టుకుంటున్నాయి. కాలి కింద మంచు గడ్డి సూదుల్లా గుచ్చుతోంది. విమానం ఇంకా వస్తోంది. ఇరవై అడుగులు. పదిహేను. కాలు వెనక్కి వేద్దామని శరీరం అంటోంది, ఆయన వెయ్యలేదు.

ముక్కు ఒక్కసారి కిందికి వంగింది. బ్రేకులు పడ్డాయి. వైద్యుడు గొంతు మీద అరచెయ్యి అడ్డంగా గీసి చూపించాడు. ప్రొపెల్లరు రెండు చుట్లు తటపటాయించి ఆగింది.

ఆ నిశ్శబ్దంలో మొదట వినపడింది లోపలి నుంచి ఒక ముసలి గొంతు. "దిగమంటున్నాడా ఎక్కమంటున్నాడా? సరిగ్గా చెప్పరా, నాకు కాళ్ళు జాపుకోవాలి."

పళ్ళ డాక్టరు గారి అమ్మ. డెబ్భై నాలుగేళ్ళు. మెడకు రెండు మఫ్లర్లు.

మేనేజరు టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి గ్లాసులో టీ లేదు, చొక్కా మీద ఉంది. "మతి పోయిందా మీకు? ప్రొపెల్లరు ముందు నిలబడతారా!"

"ఇంజనుకి వికారం."

"నేనిక్కడే ఉన్నా. విన్నా. మొదట్లో కాస్త చలికి ఊగింది, సర్దుకుంది. ఇప్పుడు వెన్నలా ఉంది."

"సర్దుకోవడమే జబ్బు."

"రెండుసార్లు లోపం లేదని సంతకం పెట్టిందెవరు?"

"నేనే." వైద్యుడు చూపు దించలేదు. "మూడు గంటలు చల్లారనివ్వండి. మళ్ళీ మొదలెడదాం. నేను చెప్పింది అక్కడ దొరక్కపోతే రేపట్నుంచి ఈ షెడ్డు గుమ్మం తొక్కను."

"అంత మాటా?"

"అంతే."

మేనేజరు పళ్ళ డాక్టరు వైపు చూశాడు. పళ్ళ డాక్టరు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే గడ్డి మీద స్టూలు వేయించుకుని కూర్చుంది. "మూడు గంటలేగా! వీడు పుట్టడానికి రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఆగాను."

ఇంజను పై రేకులు తీసి చలిగాలికి వదిలారు. వైద్యుడు దాని పక్కనే నిలబడ్డాడు. ఎవరో తెచ్చి ఇచ్చిన రబ్బరు బూటు ఒక కాలికి, చెప్పు ఒక కాలికి. పానా ముట్టలేదు. ఇప్పుడు ఏ బోల్టు విప్పినా, విప్పాక బాగుపడిందంటారు. జబ్బును జబ్బుగానే ఉంచి చూపించాలి. ఆ మూడు గంటలూ ఆయనకు అన్నిటికంటే కష్టమైన పని చేతులు జేబుల్లో పెట్టుకోవడం. నిన్నటిదాకా దొరకని వికారం ఇవాళ అడిగిన వేళకు వస్తుందని ఎవరు చెప్పారు?

తొమ్మిదిన్నరకు బస్టాండు నుంచి సరాసరి కూతురు వచ్చింది. బోర్డు దగ్గర ఆగింది. తుడిచిన తన పేరు మచ్చ ఇంకా అక్కడే ఉంది. మేనేజరుతో రెండు మాటలు మాట్లాడి, సంచీ భుజాన అలాగే ఉంచుకుని తండ్రి దగ్గరికి నడిచొచ్చింది.

"నా పేరు నువ్వు తీయించావట."

ఆయన తల ఊపాడు.

"నాకు ఒంట్లో బాగోలేదని ఎవరు చెప్పారు నాన్నా?"

"మీ అమ్మ. చీటీ... వికారం అని రాశావు కదా, మీ అమ్మ అది..."

 కూతురికి నవ్వు రావాల్సిన చోటే కోపం వచ్చింది. "నాకే వికారమనుకో. అయినా సరే, నన్నడగొద్దూ? నా పేరు చెరిపించే ముందు నాతో ఒక్క మాట? ఆ బోర్డు మీద నా పేరుంటే ఇవాళ పచ్చతోక కదిలేదే కాదు. ఆ ముసలావిడని ఎక్కించేవాళ్ళే కాదు!"

"తెలుసు."

"పుస్తకంలో రాస్తే నవ్వారు. చీటీ రాస్తే ఇంకోలా చదివారు. ఇక నేనేం రాయాలి?"

"నవ్వింది తప్పే" అన్నాడాయన.  "నువ్వెక్కు. మొదలెట్టాల్సింది నువ్వే. ఎలా వినపడుతుందో నీకు తెలుసు."

పది నలభైకి ఆయన ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చెరువు రాయిలా చల్లగా ఉంది. కూతురు లోపల కూర్చుంది. పక్కన మేనేజరు, చేతులు కట్టుకుని. వైద్యుడు ఒక గ్లాసు నీళ్ళు తెప్పించి గడ్డి మీద పెట్టుకున్నాడు.

"నిమిషం నడిపి, నేను చెయ్యెత్తగానే ఆపెయ్. వేడెక్కనివ్వకు."

ప్రొపెల్లరు తిరిగింది. ఇంజను అందుకుంది. నున్నగా.

పది లెక్కపెట్టేలోపు మేనేజరు కనుబొమలెత్తాడు. ఇరవైకి ఆయన పెదవి ఒక పక్కకి వంగింది. వైద్యుడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నుదుటి మీద, ఆ చలిలో, చెమట. అద్దం వెనక కూతురు కదలకుండా ఆయన్నే చూస్తోంది. ఇరవై ఐదు. పోయిందా? ఇవాళ రాదా? ఇరవై ఎనిమిది...

ధబ్ ధబ్ ధబ్... ధబ్ ధబ్ ధబ్...

రెక్క చివర్లు అదరడం మొదలైంది. గడ్డి మీద గ్లాసులో నీళ్ళు కూడా అదిరాయి. మేనేజరు చేతులు విప్పాడు.

ఇంకో అర నిమిషం ఆగి వైద్యుడు చెయ్యెత్తాడు. ఇంజను ఆగీ ఆగకముందే గ్లాసు తీసుకుని ముందుకు వచ్చాడు. నాలుగు సిలిండర్లు, నాలుగు పొగగొట్టాలు. వేళ్ళు నీళ్ళలో ముంచి మొదటి గొట్టం మీద చిలకరించాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. రెండోది, చుయ్. మూడోదాని మీద చుక్క పడింది. పడి, ఏ తొందరా లేకుండా, కుళాయి గొట్టం మీద జారినట్టు కిందికి జారి గడ్డిలో కలిసింది. నాలుగోది, చుయ్.

 మేనేజరు తనే గ్లాసు అందుకుని మూడోదాని మీద మళ్ళీ పోశాడు. చప్పుడు లేదు.

"చెయ్యి పెట్టి చూడనా?"

"దాని మీద పెట్టండి, ఏం కాదు. మిగతా మూడింటి జోలికి పోకండి, చర్మం అక్కడే ఉండిపోతుంది."

మేనేజరు వేలు పెట్టాడు. తీయలేదు చాలాసేపు.

"పొయ్యి రాజుకోలేదన్నమాట అక్కడ" అంది పళ్ళ డాక్టరు గారి అమ్మ స్టూలు మీంచి. "ఇంత మాత్రానికి మూడు గంటలా! నన్నడిగితే మొదటే నీళ్ళు చల్లమనేదాన్ని."

మూడో సిలిండరు మూత విప్పారు. ప్లగ్గు తీసిన కంతలోంచి లోపలికి మెత్తటి తాడు కూరి, వాల్వు కిందికి పడకుండా ఆపి, స్ప్రింగులు తీశారు. మామూలుగా అయితే వాల్వు కాడ రెండు వేళ్ళ మధ్య బొంగరంలా తిరగాలి. వైద్యుడు పట్టుకుని తిప్పాడు. తిరగలేదు. కూతురు పట్టుకుని తిప్పింది. తిరగలేదు. దాన్ని తోసే సన్నటి ఊచను బయటికి లాగి బల్ల మీద దొర్లించాడు. దొర్లుతూ దొర్లుతూ అది తప్పతాగినవాడిలా పక్కకు తూలింది. వంగిపోయింది. బిగుసుకున్న వాల్వును బలవంతాన తోసి తోసి వంగింది.

పళ్ళ డాక్టరు ఆ ఊచను చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వెళ్ళి తల్లి స్టూలు పక్కన గడ్డిలో కూర్చుండిపోయాడు.

మేనేజరు లోపాల పుస్తకం తనే తెచ్చాడు. పేజీ తెరిచి పట్టుకున్నాడు. పైన రెండు చోట్ల కూతురి చేతిరాత, రెండు చోట్ల తండ్రి చేతిరాత. రాసింది కొట్టెయ్యడానికి ఆ పుస్తకంలో వీల్లేదు. వైద్యుడు కలం తీసి వాటి కింద రాశాడు: 'లోపం మొదటినుంచీ ఉంది. మూడో సిలిండరు, పొగ వాల్వు. చూసిన వేళ తప్పు.' సంతకం పెట్టి కలం కూతురికిచ్చాడు.

"నేనెందుకు?"

"కనిపెట్టింది నువ్వు. సాక్షి సంతకం."

ఆమె సంతకం పెట్టింది. అప్పుడు నవ్వింది, తండ్రి కాళ్ళు చూసి, ఒక బూటు ఒక చెప్పు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. అమ్మ గుమ్మంలోనే నిలబడుంది. వైద్యుడి రెండో చెప్పు ఆమె చేతిలో ఉంది, ఇవ్వడానికో విసరడానికో తెలియలేదు.

"అయితే నిజంగానే ఏమీ లేదుటే?"

"లేదమ్మా."

"కొంచెం కూడా?"

"కొంచెం ఉండటం ఏమిటమ్మా!"

"వీధంతా చెప్పేశానే!"

"నువ్వే వెళ్ళి చెప్పుకో. మా అమ్మాయికి కాదు, పచ్చతోకకి అని."

అమ్మ చెప్పు కింద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. ఆ చీటీ తను దాచకుండా ఆయన చేతికిచ్చి ఉంటే చాలునని ఆమెకూ తెలుసు. చివరికి గరిటె చేత్తో పట్టుకునే అడిగింది. "దగ్గంటే ఏమిటండీ? ఎక్కిళ్ళంటే?"

వైద్యుడు ముద్ద ఆపి చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆ గుమ్మం లోపల ఆమె ఇంజను మాట అడగడం ఇదే మొదలు. "తింటుండగా చెప్పనా?"

"చెప్పండి. ఒక్కొక్కటీ చెప్పండి. రేపు ఇంకో చీటీ వస్తే ఎవరి పుట్టి మునుగుతుందో!"

ఆయన చెప్పడం మొదలెట్టాడు. ఆమె మధ్యమధ్యలో ఇంజనుకి లేనిపోని జబ్బులన్నీ అడిగింది. నడుం నొప్పి వస్తుందా, బెంగ పెట్టుకుంటుందా అని. కూతురు నవ్వి నవ్వి పొలమారి నీళ్ళు తాగింది.

సోమవారం నుంచి వైద్యుడు మంచు విడవకముందే బయల్దేరడం మొదలెట్టాడు. ఏ ఇంజనైనా సరే, చల్లగా ఉండగా ఒకసారి విన్నాకే టీ తాగేవాడు. ఆ పొద్దుటి పూట వీధిలో కిక్కు కొట్టిన చప్పుడు ఏడుసార్లు వినపడేది.

"దానికేం జబ్బండీ?" అనేది ఆమె కిటికీలోంచి.

"జబ్బు కాదే. పొగరు" అనేవాడు ఆయన, మళ్ళీ కాలెత్తుతూ.